సంబంధముగల తగవులు - ఒకేచోట పరిష్కారము

గ్రామములలో తగవు ఒంటరిగా నుండుట అరుదు. అన్నదమ్ముల నడుమ పొలముగట్టు విషయమై పుట్టిన మాట ఉమ్మడి బావి నీటివంతుకు ప్రాకును. అచ్చటనుండి కొట్లాటకు దారితీయును. తుదకు భాగముల దావా సివిలు కోర్టులోను, కొట్లాట కేసు మేజిస్ట్రేటు కోర్టులోను నడచుచుండగా, నీటి తగాదా ఏ కోర్టుకును పోక పొలములోనే రగులుచుండును. వీనిలో నొక్కదానిని మాత్రమే తీర్చినచో మిగిలినవి దానిని తిరుగదోడును.

ఇట్టి తగవులను కలిపి తీర్చుకొనుటకు లోక్ అదాలతు అనువైన మార్గము. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కోర్టులలోనున్న వ్యాజ్యములనేగాక, ఇంకను కోర్టునకు పోని తగవులనుగూడ లోక్ అదాలతు స్వీకరింపవచ్చును. కావున పై మూడు తగవులను ఒకేసారి చర్చకు తెచ్చుటకు కక్షిదారులు న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును. రాజీపై వెలువడిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. కోర్టు పంపిన దావా రాజీపడినచో చెల్లించిన కోర్టు రుసుము వాపసు వచ్చును.

అయితే కలిపి తీర్చుటయనగా కలగాపులగము చేయుట కాదు. మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది సమ్మతి. లోక్ అదాలతు రాజీ కుదుర్చునదేగాని, ఇష్టములేనివారిపై తీర్పు రుద్దునది కాదు. "గట్టు వదలినగాని కేసు వదలను" అను బెదిరింపునకు లొంగి చేసిన సంతకము సమ్మతి యనిపించుకొనదు.

రెండవది హక్కుదారులందరి హాజరు. 2005లో హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణచే ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితోపాటు సమానహక్కు కలిగినది. అత్తవారింటనున్న ఆడపడుచును పిలువక అన్నదమ్ములు మాత్రమే పంచుకొన్నచో, ఆ రాజీ ఆమెను బంధింపదు. మరియొక దావాకు బీజమగును.

మూడవది నేరస్వభావము. స్వల్పగాయము వంటి కేసులను బాధితుని అంగీకారముతో రాజీచేయవచ్చును. హత్యవంటి రాజీకి వీలులేని నేరములను ఇందులో చేర్చుటకు చట్టము ఒప్పదు.

ఈ అవార్డుపై అప్పీలు లేదు. కనుక ప్రతి వ్యాజ్యపు సంఖ్యను, పొలము సర్వే నంబరును, గట్టు హద్దులను, నీటివంతు వారములను ఒప్పందపత్రమున విడివిడిగా వ్రాయించి, ఇరుపక్షములకు చదివి వినిపించిన పిదపనే సంతకములు చేయింపవలెను. పంచాయతీ సభ్యులు ఇట తీర్పరులు కారు. ఒక తగవు వెనుకనున్న తక్కినవానిని గుర్తించి, సంబంధముగల వారినందరిని ఒకచోటికి చేర్చుటయే వారు చేయదగిన మేలు.