కుండీలోని కలబందకు ఋతువును బట్టి నీరు

దిష్టి తగలకుండా గుమ్మానికి కలబందను తలక్రిందులుగా కట్టే ఆచారం మన ఇళ్ళలో చాలాచోట్ల కలదు. ఆ మొక్కకు మట్టి లేదు, నీరు పోసేవారూ లేరు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. అదే ఇంటి పెరటిలో, కుండీలో నాటి ప్రతిదినం చెంబెడు నీరు పోసి పెంచిన కలబంద మాత్రం కొద్ది మాసాలకే మొదలు కుళ్ళి ఒరిగిపోతుంది. నా వద్దకు వచ్చే గృహిణులు పలువురు, “రోజూ నీళ్ళు పోస్తున్నామండీ, అయినా బ్రతకడం లేదు” అని చెబుతూ ఉంటారు. రోజూ పోయుటయే అందుకు కారణమని వారికి తోచదు.

కలబంద స్వభావం

సంస్కృతంలో కుమారి, ఘృతకుమారి అని పిలువబడే ఈ మొక్క అరేబియా ప్రాంతపు ఎడారి నేలలకు చెందినది. జెముడు జాతి కాకపోయినా, నీటి విషయంలో జెముడు స్వభావమే దీనిది. ఆకులోని గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీరే. అనగా ప్రతి ఆకూ ఒక నీటి తొట్టి. ఇతర మొక్కల ఆకులపై ఉండే సూక్ష్మ రంధ్రాలు పగలు తెరచుకొంటాయి. కలబందలో అవి పగలు మూసికొని, చల్లని రాత్రివేళ తెరచుకొంటాయి. అందువలన లోని నీరు ఎండకు ఆవిరి కాకుండా నిలుస్తుంది. ఇంతగా నిలువ చేసికొన్న మొక్కకు అనుదినం నీరు అవసరం లేదు.

భుజించిన ఆహారం జీర్ణం కాకముందే మరల భుజించుటను ఆయుర్వేదం అధ్యశనం అంటుంది. అనేక వ్యాధులకు అది మూలం. కుండీలో తడి ఆరకముందే మరల నీరు పోయుట కలబందకు అధ్యశనం వంటిదే. వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా కావలెను. మట్టి ఎల్లప్పుడూ తడిసి ఉంటే గాలి అందక వేళ్ళు నశిస్తాయి, బూజు చేరి కుళ్ళు మొదలవుతుంది. సురపాలుని ‘వృక్షాయుర్వేదం’ మొక్కల వ్యాధులను సైతం వాత, పిత్త, కఫ దోషాలను బట్టి విభజించినది. ఈ గ్రంథం ఆంగ్లానువాదంతో 1996లో సికింద్రాబాదు నుండి వెలువడినది. నేను చదువుకొన్న గురుకులపు ఔషధవనంలో కలబందను ఇసుక కలిసిన ఎత్తు గట్టుపైననే నాటేవారు. తులసికి నీరు పోసిన చెంబును మా గురువుగారు అటువైపు తిప్పనిచ్చేవారు కారు.

నీరు పోయు పద్ధతి

కుండీ అడుగున రంధ్రం తప్పక ఉండవలెను. ప్లాస్టిక్ కుండీ కంటె మట్టి కుండీ మేలు, దాని గోడల గుండా కూడ తడి ఆరుతుంది. ఎర్రమట్టి, ముతక ఇసుక సమపాళ్ళలో తీసికొని, బాగా చివికిన పశువుల ఎరువు కొద్దిగా కలుపవలెను.

నీరు పోయుటకు ముందు ఎండిన చీపురుపుల్లను మట్టిలో రెండు అంగుళాల లోతు గ్రుచ్చి తీయండి. పుల్లకు తడిమట్టి అంటుకొంటే ఆ రోజు నీరు వద్దు. పొడిగా వస్తే ఉదయంపూట, అడుగు రంధ్రం నుండి నీరు కారునంతవరకు నిండుగా పోయవలెను. రోజూ కొంచెం చిలకరించుట కంటె, ఒకసారి నిండుగా పోసి పూర్తిగా ఆరనిచ్చుట శ్రేష్ఠం. నీరు మట్టిపై పడవలెను గాని ఆకుల నడిమి మొవ్వులో నిలువరాదు. బియ్యం కడిగిన నీరు, కుడితి వంటివి దీనికి పనికిరావు. బోరు నీటిలోని లవణాలు మట్టిపై తెల్లని పొరగా కట్టినచో, వాన నీటితో ఒకటి రెండుసార్లు కడిగినట్లు పోయవలెను.

ఏ కాలంలో ఎంత?

వేసవి (మార్చి నుండి జూన్ మొదటి వారం): సుమారు వారానికి ఒకసారి. మే మాసంలో చిన్న కుండీలకు నాలుగైదు రోజులకు ఒకసారి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడి ఆకులు ఎర్రబారుతుంటే కుండీని నీడపట్టుకు మార్చవలెను.

వర్షాకాలం (జూన్ నుండి సెప్టెంబరు): వానకు తడిసే చోట ఉంటే అసలు పోయరాదు. ముసురు పట్టినప్పుడు కుండీని వసారాలోనికి చేర్చవలెను. అక్కడ పది, పదిహేను రోజులకు ఒకసారి చాలు.

అక్టోబరు, నవంబరు: కోస్తా, దక్షిణ రాయలసీమ ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి గనుక వర్షాకాలపు నియమమే వర్తిస్తుంది. తెలంగాణలో వానలు వెనుకబట్టిన పిదప పది రోజులకు ఒకసారి పోయవచ్చును.

చలికాలం (డిసెంబరు నుండి ఫిబ్రవరి): పదిహేను, ఇరవై రోజులకు ఒకసారి. మంచు కురిసే దేశాలలో ఉన్న మన పిల్లలు కలబందను ఇంటిలోపల వెలుతురు వచ్చే కిటికీ వద్ద ఉంచి, ఆ కాలంలో నెలకొకసారి పోసిన చాలును.

ఈ దినాల లెక్క ఉజ్జాయింపు మాత్రమే. కుండీ పరిమాణం, గాలి, ఎండలను బట్టి మారుతుంది. తుది నిర్ణయం చీపురుపుల్లదే.

లక్షణం చూచి మోసపోవద్దు

ఆకులు పలుచబడి లోపలికి ముడుచుకొంటే నీరు చాలలేదని అందరూ ఎరుగుదురు. కాని వేళ్ళు కుళ్ళినప్పుడు కూడ ఆకులు వాడుతాయి, ఎందుకనగా నీటిని పీల్చే వేరే లేదు. అది చూచి దప్పిక అనుకొని మరింత నీరు పోస్తే మొక్క దక్కదు. మట్టి పొడిగా ఉండి ఆకు ముడుచుకొంటే నీరు పోయండి. మట్టి తడిగా ఉండి, ఆకు పసుపుబారి మెత్తబడి, మొదలు నల్లబడితే అది కుళ్ళు. వెంటనే మొక్కను పెకలించి, కుళ్ళిన వేళ్ళను, ఆకులను శుభ్రమైన కత్తితో కోసివేయవలెను. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, పొడి ఇసుక మట్టిలో నాటి, వారం దాకా నీరు పోయరాదు. ప్రక్కన ఆరోగ్యంగా ఉన్న పిలకలుంటే వేరుచేసి నాటుకొనవచ్చును.

ఇంటిల్లిపాదికి సంబంధించిన మాట

కుండీ క్రింది పళ్ళెంలో నిలిచిన నీరు మొక్కకే కాదు, మీకూ హాని చేస్తుంది. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమ ఇట్టి నీటి పాత్రల గోడలకే గ్రుడ్లు పెడుతుంది. వారం, పది రోజులలో అవి దోమలవుతాయి. కావున నీరు పోసిన అరగంటకు పళ్ళెం వంచివేయవలెను. వారానికొకసారి దానిని రుద్ది కడుగవలెను.

కుళ్ళు సోకిన మొక్క ఆకును ఏ చికిత్సకూ వాడరాదు. ఆరోగ్యవంతమైన ఆకును కోసినప్పుడు కూడ ముందుగా కారే పసుపుపచ్చని చేదు రసం విరేచనకారి. దానిని పూర్తిగా కార్చి, కడిగిన పిదపనే గుజ్జును పైపూతకు తీసికొనవలెను. లోనికి సేవించుట వైద్యుని సలహా లేనిదే తగదు. గర్భిణులు అసలు సేవించరాదు.