నరసాపురం లేసు పూలు

నరసాపురం లేసు పూలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం పరిసర గ్రామాలలో స్త్రీలు నూలు దారంతో, కొక్కెపు సూదితో అల్లే చిన్న అలంకార పుష్పాలు. ఈ అల్లికను క్రోషే అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. తెలుగువారు దీనిని క్రోషియా అనీ, లేసు అల్లిక అనీ వ్యవహరిస్తారు. బల్లగుడ్డలు, దిండు గలేబులు, పడక దుప్పట్లు, తెరలు మొదలైన అనేక లేసు వస్తువులు ఇటువంటి పూలను విడివిడిగా అల్లి, తరువాత ఒకదానికొకటి కలుపుట వలన తయారవుతాయి.

వలకు, లేసుకు గల భేదం

తీరప్రాంతంలో దారపు పని అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది చేపల వల. విశాఖపట్నం లోని జాలరిపేట వంటి మత్స్యకారుల వాడలలో వల బాగుచేసేవారు దారం చుట్టిన పలుచని సూదితో ప్రతి కన్ను వద్ద ముడి వేస్తారు. అందువలన ఒక కన్ను తెగినా మిగిలిన వల విడిపోదు. లేసు అల్లికలో ముడి ఉండదు. ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చును లాగుతూ పోవటమే ఇందులోని పని. చివరి ఉచ్చును బిగించకుండా దారం లాగితే అల్లినదంతా వరుసగా విడిపోతుంది. ఈ గుణం వలన తప్పు పోయిన చోటికి వెనుకకు విప్పి, అదే దారంతో మరల అల్లవచ్చును.

పరికరాలు

పూలు అల్లటానికి దారము, సూది, కత్తెర చాలును. సన్నని దారానికి ఉక్కు సూదిని వాడతారు. ఉక్కు సూదులలో సంఖ్య పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది. నూలు దారానికి కూడా సాధారణంగా ఇదే పద్ధతి. పూలకు కాస్టిక్ సోడాతో శుద్ధిచేసి నిగనిగలాడేట్లు చేసిన మెర్సరైజ్డ్ నూలు దారం అనుకూలం.

పువ్వు అల్లే విధానం

పువ్వుకు నాలుగు కుట్లు తెలిస్తే సరిపోతుంది.

గొలుసు కుట్టు: సూదిపై ఉన్న ఉచ్చులోనుండి దారాన్ని లాగటం.
జారు కుట్టు: సూదిని అల్లికలోకి దించి, దారాన్ని అల్లికలోనుండి, సూదిపై ఉన్న ఉచ్చులోనుండి ఒకేసారి లాగటం. కలుపుటకు దీనిని వాడతారు.
పొట్టి కుట్టు: సూదిని దించి దారం లాగితే సూదిపై రెండు ఉచ్చులు ఉంటాయి. దారం చుట్టి రెంటిలోనుండి లాగాలి.
పొడుగు కుట్టు: ముందుగా సూదికి దారం ఒక చుట్టు చుట్టి దించాలి. దారం లాగితే మూడు ఉచ్చులు వస్తాయి. వాటిలో రెంటిని, తరువాత మిగిలిన రెంటిని కలిపి లాగాలి.

ఆరు రేకుల పువ్వును ఈ క్రమంలో అల్లవచ్చును.

1. 6 గొలుసు కుట్లు వేసి, జారు కుట్టుతో మొదటిదానికి కలిపి వలయం చేయాలి.
2. 1 గొలుసు వేసి, వలయంలోకి 12 పొట్టి కుట్లు వేసి, జారు కుట్టుతో కలపాలి.
3. 3 గొలుసులు వేసి, ఒక కుట్టును వదలి, తరువాతి కుట్టులో జారు కుట్టు వేయాలి. ఇట్లు చుట్టూ చేస్తే 6 చిన్న తోరణాలు వస్తాయి.
4. ప్రతి తోరణంలోకి 1 పొట్టి, 3 పొడుగు, 1 పొట్టి కుట్టు వేయాలి. ఒక్కొక్క తోరణం ఒక్కొక్క రేకు అవుతుంది.

రెండవ వరుస రేకులు కావలెనన్న, రేకుల వెనుక భాగంలో, ఇంతకు ముందు వదలిన కుట్లను జారు కుట్లతో పట్టుకొంటూ, వాటి నడుమ 5 గొలుసుల తోరణాలు వేయాలి. ఒక్కొక్క దానిలో 1 పొట్టి, 5 పొడుగు, 1 పొట్టి కుట్టు వేయాలి. అప్పుడు వెనుక రేకులు ముందు రేకుల సందులలో కనిపిస్తాయి. చివర దారం తెంపి, ఆఖరి ఉచ్చులోనుండి లాగి బిగించి, కొసను కుట్లలో దాచాలి. చుట్టుకు కుట్లు తక్కువైతే పువ్వు గిన్నెవలె లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువైతే అంచు మడతలు పడుతుంది. ఉతికి, గంజి పెట్టి, రేకులు పరచి ఆరబెడితే ఆకారం నిలుస్తుంది.

ఇతర దేశాల పుస్తకాలు చూసి అల్లేవారు ఒక విషయం గమనించాలి. అమెరికా పుస్తకాలలో సింగిల్ అనే కుట్టును బ్రిటను పుస్తకాలలో డబుల్ అంటారు.

చరిత్ర

ఈ పనిని 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మిషనరీలు మెక్రే దంపతులు నరసాపురంలో ప్రవేశపెట్టారని చెబుతారు. ముందుగా నేర్చుకొన్నవారు బీద క్రైస్తవ స్త్రీలు. దాదాపు అదే కాలంలో, 1845లో మొదలైన బంగాళదుంప కరువు రోజులలో, ఐర్లండు స్త్రీలకు కూడా ఇదే పని జీవనాధారమైంది. పూలు, ఆకులు విడిగా అల్లి, వాటిని జాలీతో కలపటం ఐరిష్ లేసు ప్రత్యేకత. కాలక్రమంలో గోదావరి తీరాన ఇతర కులాల స్త్రీలు, ముఖ్యంగా ఇల్లు దాటి కూలికి వెళ్ళటం గౌరవం కాదని భావించిన కాపు కుటుంబాల స్త్రీలు ఈ పనిలోకి వచ్చారు. 20వ శతాబ్దంలో ఇది విదేశీ ఎగుమతి వ్యాపారంగా స్థిరపడింది.

పని విభజన, కూలి

పువ్వు చిన్నది కావటం వలన ఇంటి అరుగు మీద, వంటకు వంటకు నడుమ, ఎక్కడ ఆపినా నష్టం లేకుండా అల్లవచ్చును. ఈ సౌకర్యమే పనిని ముక్కలు చేసింది. వ్యాపారి ఇచ్చిన దారాన్ని ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. పూలు అల్లటాన్ని చేతిపని అనీ, వాటిని కలిపి వస్తువుగా చేయటాన్ని అతుకుపని అనీ అంటారు. పువ్వు అల్లిన స్త్రీకి తన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో, అది ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోయిందో తెలిసే అవకాశం తక్కువ. కూలి అల్లిన కొలతను బట్టి ఉంటుంది గాని పట్టిన గంటలను బట్టి కాదు.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ విషయంపై పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకాన్ని ప్రచురించారు. ఆమె పరిశీలించిన కాలంలో స్త్రీల సంపాదన రోజుకు సగటున 56 పైసలు మాత్రమే. ఇది అప్పటి వ్యవసాయ కూలి స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనం కంటే చాలా తక్కువ. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లే స్త్రీని సమాజం 'పనిచేసేది' అనక 'ఇంట్లో ఉండేది' అని లెక్కించటం, ఆ పనిని తీరిక వేళ కాలక్షేపంగా భావించటం ఇంత తక్కువ కూలికి ముఖ్య కారణమని మీస్ వివరించారు. ఆమె పుస్తకం వలన నరసాపురం పేరు ప్రపంచవ్యాప్తంగా స్త్రీల శ్రమను గురించిన చర్చలలోకి వచ్చింది.

భౌగోళిక గుర్తింపు

యంత్రాలపై తయారయ్యే చవక లేసు ఈ చేతిపనికి ప్రధానమైన పోటీ. 2024లో నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులకు భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం ప్రకారం ఈ గుర్తింపు పది సంవత్సరాలు అమలులో ఉంటుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చును. దీని వలన ఇతర ప్రాంతాలలో తయారైన సరకును నరసాపురం లేసు పేరుతో అమ్మకుండా అడ్డుకోవచ్చును. అయితే ఈ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని కూలిని నిర్ణయించదు. పేరు వలన పెరిగే ధరలో పువ్వు అల్లిన చేతికి ఎంత చేరుతుందనేది దారం ఇచ్చేవారికి, అల్లేవారికి మధ్య జరిగే బేరంపైనే ఆధారపడి ఉన్నది.