పెరటికి ఏ మామిడి?

పెరట్లో కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, తెలుగువాడి మనస్సు మామిడిమొక్క మీదికి పోతుంది. జామా, నిమ్మా, కరివేపా తరువాతి సంగతి. తీరా "ఏ మామిడి వేస్తారండీ?" అని అడిగితే మాత్రం "ఏదో బంగినపల్లి వేస్తే సరి" అంటారు చాలామంది. చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే ఇల్లాలూ, గొడుగు కొనేముందు పదిసార్లు తెరిచి మూసి చూసే ఇంటాయనా, నలభై యాభై ఏళ్లపాటు ఇంటిల్లిపాదికీ పండు పెట్టవలసిన చెట్టును మాత్రం నర్సరీవాడు చేతికిచ్చిందే తెచ్చి నాటేస్తారు!

చీర నచ్చకపోతే మార్చుకోవచ్చు. మామిడి విషయంలో ఆ వెసులుబాటు లేదు. అంటుమొక్క నాటినా నికరమైన కాపు కళ్లజూడడానికి నాలుగైదేళ్లు పడుతుంది. పండు తియ్యనో చప్పనో తెలిసేది అప్పుడే. అప్పటికి ఆ చెట్టు వంటింటి కిటికీకి నీడనిస్తూ ఇంట్లో మనిషైపోయి ఉంటుంది. కొట్టడానికి చెయ్యి రాదు. అందుకని ఆలోచించవలసిందంతా గొయ్యి తవ్వకముందే ఆలోచించుకోవాలి.

బజారు రుచి వేరు, ఇంటి రుచి వేరు

బజారుకు వచ్చే కాయను ఎన్నుకునేది మన నాలుక కాదు, లారీ. నాలుగు రోజులు ప్రయాణం చేసినా కమలకుండా ఉండాలి, చూపుకు నదరుగా ఉండాలి, బుట్టెడు కాయలూ ఒక్కతీరుగా ఉండాలి. ఇవన్నీ కుదిరిన తరువాతే రుచి సంగతి.

ఇందుకు అమెరికాలో జరిగిన కథ ఒకటి ఉన్నది. 1889లో అక్కడి వ్యవసాయశాఖవారు మన దేశం నుంచి ముల్గోబా అనే పేరుతో మామిడి అంట్లు తెప్పించి ఫ్లోరిడాలో నాటించారు. కొన్నేళ్లకు వచ్చిన మంచుదెబ్బకు ఒక్క చెట్టు మాత్రం బతికి బట్టకట్టింది. దాని పళ్ల టెంకలు తెచ్చి, మయామీ దగ్గర జాన్ హేడెన్ అనే విశ్రాంత సైనికాధికారి 1902లో తన పెరట్లో నాటాడు. మరుసటి ఏడే ఆయన పోయాడు. భార్య ఫ్లోరెన్స్ ఆ మొక్కలను సాకింది. 1910లో ఒక చెట్టు ఎర్రని బుగ్గలతో, కమ్మని రుచితో కాసింది. దానికే హేడెన్ మామిడి అని పేరు వచ్చింది.

ఆ హేడెన్ సంతతిలోనే తరువాత టామీ ఆట్కిన్స్ అనే రకం పుట్టింది. పీచు ఎక్కువ, రుచి అంతంత మాత్రం అని 1950లలో ఫ్లోరిడా మామిడి నిపుణులు దానిని ఒప్పుకోలేదు. అయితేనేం, రంగు బాగుంది, తొక్క గట్టిది, ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది! వ్యాపారులు దానినే నెత్తిన పెట్టుకున్నారు. నేటికీ అమెరికా దుకాణాలలో ఎర్రగా నిగనిగలాడుతూ కనిపించేది ఎక్కువగా అదే. అక్కడున్న మన పిల్లలు కొనుక్కుని తిని "రూపు మామిడిదే గాని రుచి మామిడిది కాదమ్మా" అని ఫోనులో వాపోయేది దాని గురించే.

పెరటిచెట్టుకు ఈ బాధ లేదు. కొమ్మ నుంచి కంచానికి పది అడుగుల ప్రయాణం. తొక్క పలచనైనా, రంగు పచ్చిగానే ఉన్నా, రెండు రోజులకు మించి నిలవకపోయినా మనకు నష్టం లేదు. ఏ కారణాన బజారు కొన్ని పళ్లను పక్కన పెట్టిందో, ఆ కారణాన్నే మనం వాటిని పెరట్లో పెట్టుకోవచ్చు.

ముందు ఇంట్లోవాళ్లను అడగండి

"ఏది మంచి మామిడి?" అన్న ప్రశ్నకు జవాబు నర్సరీలో దొరకదు, మీ వంటింట్లో దొరుకుతుంది. మీ ఇంట్లో పండు కోసుకు తింటారా, జుర్రుకు తింటారా, లేక పచ్చడి జాడీ నిండితే చాలునంటారా?

కోసుకు తినేవారికి బంగినపల్లి ఉండనే ఉన్నది. ఒకనాటి బనగానపల్లె సంస్థానం పేరు మీద వెలసిన ఈ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పీచు లేదు, టెంక పలచన, ముక్క తీరుగా తెగుతుంది. చంటిపిల్లవాడికీ, పళ్లులేని తాతగారికీ సమానంగా పనికివస్తుంది. కాని ఇది ఎలాగూ ప్రతి బండి మీదా దొరికే పండు. ఉన్న ఒక్క జాగా దీనికే ఇవ్వాలా అని ఒక్కసారి ఆలోచించుకోండి.

దొరకని రుచి కావాలంటే ఇమాం పసంద్ ఉన్నది. హైదరాబాదువారు హిమాయత్ అంటారు. పెద్ద కాయ, పలచని తొక్క, వెన్నలాంటి గుజ్జు. బజారులో దాని ధర వింటే గుండె ఝల్లుమంటుంది. చెట్టు కాపులో పిసినారి కావడం అందుకు ఒక కారణం. తోట రైతుకు అది లోటే గాని, ఏడాదికి నాలుగు బుట్టలు చాలుననుకునే సంసారికి లోటు కాదు.

జుర్రుకు తినేవారికి రసాలను మించినవి లేవు. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం. నూజివీడు ప్రాంతం వీటికి పుట్టినిల్లులాంటిది. పండును అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోట పెట్టుకుంటే ఆ తీపిలో ఒక పులుపు జీర, ఆ వాసన, మోచేతిదాకా కారే రసం! పీచు ఉన్నదని పట్నవాసులు ముఖం చిట్లించవచ్చు. పీచున్నది కనుకనే రసం దిగుతుంది. గోదావరి జిల్లాల పంచదార కలశ కూడా పెరటికి తగిన మధురమైన పండే.

వేసవి ముందుగానే పండు తినాలనుకునేవారు ఉత్తరాంధ్ర సువర్ణరేఖ వేసుకోవచ్చు. ఎర్రని భుజాలతో ఏప్రిల్‌లోనే పలకరిస్తుంది. అందరి చెట్లూ ఖాళీ అయ్యాక తినాలనుకుంటే నీలం. జూన్, జూలై దాకా ఉంటుంది. కాని టెంకలో పురుగు పడే గుణం దానికి కద్దు.

ఆవకాయ ఇల్లాళ్లకు కొత్తపల్లి కొబ్బరి, జలాలు, చిన్నరసం తెలిసినవే. పులుపు, గట్టిదనం రెండూ ఉన్న కాయ కావాలి. రోజూ పప్పులోకి ఒక కాయ చాలుననుకునేవారికి, అకాలంలోనూ కాసే పునాస ఉపకారి.

చెట్టు గుణం కూడా చూడాలి

పిల్లనిచ్చేముందు కుటుంబం చూసినట్లు, పండుతోపాటు చెట్టు నడవడి కూడా చూడాలి. మన పెద్ద రకాలలో చాలావాటికి ఒక ఏడు విరగగాసి మరుఏడు మొండికేసే అలవాటున్నది. బంగినపల్లీ ఇందుకు మినహాయింపు కాదు. ఏటా కాసే బుద్ధిమంతులలో నీలం, తోతాపురి ముఖ్యమైనవి.

స్థలం మరొక చిక్కు. తోటల్లో పెద్ద రకాలకు చెట్టుకూ చెట్టుకూ 30 అడుగులు వదలడం పాత పద్ధతి. మూడు సెంట్ల ఇంట్లో అది జరిగేపని కాదు గదా! అలాంటివారికోసమే అన్నట్లు, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1970ల నాటికి నీలాన్నీ, లక్నో దగ్గర పుట్టిన దశేరీనీ కలిపి మల్లిక, ఆమ్రపాలి అనే రెండు రకాలు తయారుచేశారు. మల్లిక కాయ పెద్దది, గుజ్జు చిక్కన. ఆమ్రపాలి చెట్టు పొట్టిది. తోటల్లో 8 అడుగుల ఎడంతో కూడా నాటుతారు. పండు చిన్నదే గాని గుజ్జు ముదురు నారింజరంగు, మంచి తీపి, ఏటా కాపు. సంగారెడ్డి పరిశోధనా కేంద్రంవారు రూమానీ, నీలం కలిపి చేసిన మంజీర కూడా పొట్టిగా పెరిగి ఏటా కాసేదే.

పెద్ద రకమే కావాలంటే గోడకు కనీసం 15 అడుగుల దూరంలో నాటండి. ఏటా కాయ కోయగానే కొమ్మలు కత్తిరించి అదుపులో ఉంచండి.

టెంక నాటితే తల్లి రాదు

"నిరుడు తిన్న పండు అమృతంలా ఉంది, టెంక పాతిపెట్టాం" అనేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. మన ప్రాంతపు రకాలలో చాలామటుకు టెంకలో ఒక్కటే పిండం ఉంటుంది. అందులో తల్లి పోలిక సగమే. ఆ పూవు మీద ఏ చెట్టు పుప్పొడి పడిందో ఆ పోలిక మిగతా సగం. హేడెన్ దంపతుల పెరట్లో అదృష్టం పండింది గాని, అందరికీ అలా పండదు. పైగా టెంకమొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

కనుక అంటుమొక్కనే నాటాలి. కొనేముందు తల్లిచెట్టు ఎక్కడున్నదో అడగండి. వీలైతే ఈ వేసవిలోనే ఆ చెట్టు పండు తిని చూడండి. ఒకే పేరుతో పది రకాల పళ్లు చలామణి అవుతున్న రోజులివి. పేరును నమ్మడంకన్నా నాలుకను నమ్మడం మేలు. మీ మేనత్తగారి ఊళ్లోనో, పక్కవీధిలోనో పేరులేని మంచి చెట్టు ఉన్నట్లయితే, దాని కొమ్మతో అంటు కట్టించుకోవచ్చు. ఆ చెట్టు పడిపోతే దానితోపాటే పోవలసిన రుచి, మీ పెరట్లో మరో తరం బతుకుతుంది.

జూన్, జూలై వానలకు మూడడుగుల గోతిలో చివికిన పశువుల ఎరువు కలిపి నాటండి. నీరు నిలిచే చోటు పనికిరాదు. అంటు కట్టు నేలకు జానెడు పైన ఉండాలి. కట్టు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లివేయండి. వదిలిపెడితే ఆ నాటుకొమ్మే పెరిగి అసలు కొమ్మను మింగేస్తుంది. మొదటి రెండు మూడేళ్లు వచ్చే పూతను మనసు గట్టిచేసుకుని తుంచివేయాలి.

రుచి నిలిచేది కోతలో

ఎంత మంచి రకమైనా లేతకాయ కోస్తే పండు చప్పబడుతుంది. కాయ భుజాలు తొడిమ పక్కన ఉబ్బి పైకి లేవాలి, తొక్క పచ్చదనం కాస్త తగ్గాలి. బకెట్ నీళ్లలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది. చిక్కపు గడతో రెండంగుళాల తొడిమ ఉండేలా కోయండి. సొన కాయమీద కారితే మచ్చపడి కుళ్లుతుంది. తరువాత వరిగడ్డిలో మగ్గవేస్తే నాలుగైదు రోజులలో ఇల్లంతా వాసన వేస్తుంది. కార్బైడుతో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించాయి. పెరటిచెట్టు ఉన్నవారికి ఆ భయమే లేదు.

చెట్టు కాపుకు వచ్చాక శీతాకాలంలో, పూతకు ముందు రెండు నెలలు నీళ్లు తగ్గించండి. అప్పుడు నీళ్లు దండిగా పోస్తే ఆకు చిగురుస్తుందేగాని పూత రాదు. పిందె బఠాణీగింజంత అయ్యాక మళ్లీ తడిపెట్టవచ్చు.

ఈసారి మామిడిపళ్లు తెచ్చినప్పుడు ఒక్క రకమే తేకండి. నాలుగు రకాలు తెచ్చి, పేర్లు చెప్పకుండా ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ తలొక ముక్క పెట్టండి. దేనికోసం పిల్లలు దెబ్బలాడుకుంటారో, ఆ అంటు కొనండి. రేపు ఆ చెట్టు కింద పళ్లు ఏరుకునేది వాళ్లూ, వాళ్ల పిల్లలే గదా!