జ్ఞాపకం చెదరకముందే కనిపించే కుదుపు: ఎల్‌జీఐ1 మెదడువాపు

తెలుగులో 'మెదడువాపు' అన్న మాట దోమల వల్ల వ్యాపించే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో పెనవేసుకుపోయింది. అందువల్ల జ్వరమే లేని రోగి విషయంలో ఆ మాట ఎవరికీ తట్టదు. రోగనిరోధక వ్యవస్థ సొంత మెదడునే లక్ష్యం చేసుకునే ఆటోఇమ్యూన్ మెదడువాపులో జ్వరం లేకపోవడం సాధారణమే. వీటిలో ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్‌పై యాంటీబాడీలు ఏర్పడే రకం తరచు యాభై ఏళ్లు దాటినవారిలో కనిపిస్తుంది.

ఈ వ్యాధి తొలి సూచన చాలా చిన్నది. ముఖంలో ఒక పక్క, అదే పక్క చేయి ఒక్కసారిగా బిగుసుకుని, సాధారణంగా మూడు సెకన్లలోపే వదులుతాయి. రోజుకు పదుల సార్లు ఇలా జరగవచ్చు. చేతిలోని గ్లాసు జారిపోతుంది. కాలు కూడా బిగుసుకుంటే మనిషి పడిపోతాడు. స్పృహ చాలావరకు తప్పదు కనుక దీనిని మూర్ఛగా ఎవరూ భావించరు. ఈఈజీలో తరచు మార్పేమీ కనిపించదు, తొలి దశలో ఎమ్మారై కూడా మామూలుగానే ఉండవచ్చు. దానితో ఈ కుదుపును మానసిక ఒత్తిడికో, అలవాటుకో ఆపాదిస్తారు. చాలామందిలో రక్తంలో సోడియం తగ్గుతుంది. వృద్ధులలో ఆ తగ్గుదలను రక్తపోటు మాత్రల ఖాతాలో వేయడం మరీ సులువు.

ఎల్‌జీఐ1 నాడీకణాలు స్రవించే ప్రోటీన్. కణసంధుల వద్ద సంకేతాల తీవ్రతను అదుపులో ఉంచుతుంది. 2010 వరకు ఈ యాంటీబాడీలు పొటాషియం చానళ్లనే పట్టుకుంటాయని భావించారు. ఆ ఏడు అసలు లక్ష్యం ఎల్‌జీఐ1 అని తేలింది. ఈ కుదుపులు జ్ఞాపకశక్తి లోపానికి ముందే రావచ్చని 2011లో సరోష్ ఇరానీ బృందం వివరించింది. పరిశోధనలో దీని విలువ అంతా ఆ 'ముందే' అన్న మాటలో ఉంది. మూర్ఛ మందులకు ఈ కుదుపులు సరిగా లొంగవు. స్టెరాయిడ్ల వంటి రోగనిరోధక చికిత్సకు చాలామందిలో త్వరగా తగ్గుతాయి. మతిమరుపు, అయోమయం మొదలుకాకముందే వాటిని ఆపగలిగితే మేధోశక్తి నిలిచే అవకాశం ఎక్కువని తరువాతి అధ్యయనాలు సూచించాయి. ఆలస్యమైతే హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి, జ్ఞాపకలోపం శాశ్వతం కావచ్చు.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై వచ్చే మెదడువాపులో వెన్నుద్రవం నమ్మదగిన నమూనా కాగా, ఎల్‌జీఐ1 యాంటీబాడీలు రక్తంలోనే మెరుగ్గా పట్టుబడతాయి. అయితే ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన రావాలంటే కుదుపును ఎవరో ఒకరు చూసి ఉండాలి. సంప్రదింపు సాగే కొద్ది నిమిషాలలో అది రాకపోవచ్చు. ఇంట్లోవారు ఫోన్‌లో తీసిన వీడియోయే అనేకసార్లు వైద్యునికి దొరికే మొదటి ఆధారం.