ఆది జాకెట్టు, ఒక ఎస్‌వీజీ ఫైలు

మా ఇంట్లో కుట్టుమిషన్ పక్కన గోడకి ఒక మేకు ఉంటుంది. దానికి న్యూస్‌పేపర్ ముక్కలు గుత్తులుగా వేలాడుతుంటాయి. ప్రతి ముక్క మీద స్కెచ్ పెన్నుతో ఒక పేరు, ఛాతీ కొలత, మెడ లోతు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఎప్పుడూ వచ్చేవాళ్ళ కటింగులన్నీ ఆ మేకుకే. పోయిన వర్షాలకి గోడ చెమ్మెక్కి అందులో సగం బూజుపట్టి చిరిగిపోయాయి. "మళ్ళీ అందరి దగ్గరా ఆది అడగాలి" అని అమ్మ ఆ రోజంతా అదే మాట.

ఆది అంటే తెలియనివాళ్ళకి (మా హాస్టల్ ఫ్లోర్‌లో అడిగితే ఇద్దరికే తెలుసు): మనకి సరిగ్గా పట్టే పాత జాకెట్టునో చొక్కానో కొలత కోసం టైలర్‌కి ఇస్తాం కదా, అదే ఆది. టేపుతో ఒంటి కొలత తీసుకున్నా చాలామంది టైలర్లు ఆది కూడా అడుగుతారు. ఎందుకంటే ఆ మనిషికి ఎంత బిగువు ఇష్టమో, చెయ్యి ఎత్తితే ఎంత వదులు కావాలో ఒంటి కొలతలో ఉండదు. మన లెక్కలో చెప్పాలంటే ఒంటి కొలత ఇన్‌పుట్, ఆది ఆల్రెడీ టెస్ట్ పాసైన అవుట్‌పుట్.

సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఈ కటింగులన్నీ కంప్యూటర్‌లో పెట్టేస్తా అని అమ్మకి మాటిచ్చాను. నాలుగు గీతలు, రెండు వంపులు, ఇంతే కదా అనుకున్నా.

ముందుగా అర్థమైంది ఏంటంటే, జాకెట్టు కటింగ్ బొమ్మ గియ్యడం లాంటిది కాదు. ఒక పేపర్ తీసుకుని మంచినీళ్ళ కుండకి చుట్టి చూడండి. ఎక్కడో ఒకచోట ముడతలు పడతాయి. చదునుగా ఉన్నదాన్ని సాగదీయకుండా, ముడత పడకుండా గుండ్రటి దాని మీద పరచడం కుదరదని గాస్ 1827లోనే లెక్కగట్టి చూపించాడు. టైలర్లు దీనికి కనిపెట్టిన ఉపాయమే డాట్లు. ఎలాగూ ముడత పడుతుంది కాబట్టి అది ఎక్కడ పడాలో, ఎంత పడాలో మనమే నిర్ణయించి, లోపలికి మడిచి కుట్టేయడం. మామూలు నాలుగు డాట్ల జాకెట్టులో అవన్నీ ఛాతీ మీద ఒకే బిందువు వైపు చూస్తుంటాయి. అయితే ఆ బిందువు దాకా కుట్టరు, కాస్త ముందే ఆపేస్తారు. లేకపోతే అక్కడ కొనదేలి అసహ్యంగా కనిపిస్తుంది.

గుడ్డకి పేపర్ లేని ఇంకో సౌకర్యం ఉంది. జేబురుమాలుని పోగు వెంట లాగండి, పెద్దగా సాగదు. మూల నుంచి మూలకి లాగండి, బాగా సాగుతుంది. పోగులు అవే, పొడవు మారవు. వాటి మధ్య కోణం మారుతుంది, చదరం కాస్తా డైమండ్ అవుతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అతుక్కున్నట్టు ఉండటానికి కారణం ఇదే. అందుకని ఫైల్లో ప్రతి ముక్క మీదా పోగు దిశ చూపించే బాణం గుర్తు తప్పకుండా పెట్టాలి. నేను మొదట పెట్టలేదు. "ఇది నిలువా, క్రాసా?" అని అమ్మ అడిగితే తెల్లమొహం వేశాను.

గియ్యడానికి ఇంక్‌స్కేప్ వాడాను, అది ఫ్రీ. గీతలు సులువే: ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, పక్కన కుట్టుకి ఒకటిన్నర, మొత్తం పదిన్నర. చంక లోతు అమ్మ లెక్కలో ఛాతీలో ఆరో వంతు, అంటే 6. కష్టమంతా చంక వంపు దగ్గరే. అమ్మ రెండు సుద్ద చుక్కలు పెట్టి చెయ్యి ఒక్కసారి తిప్పితే ఆ వంపు వచ్చేస్తుంది. ముందు ముక్కకి ఎక్కువ లోపలికి, వెనక ముక్కకి తక్కువ. ఇంక్‌స్కేప్‌లో అది బెజియర్ కర్వ్. రెండు చివరలు, వంపు ఎటు లాగాలో చెప్పే రెండు హ్యాండిల్స్, మొత్తం నాలుగు బిందువులు. 1960ల్లో ఫ్రాన్స్‌లో కార్ల కంపెనీల ఇంజినీర్లు కారు బాడీ వంపుల కోసం వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. మీరు ఇప్పుడు స్క్రీన్ మీద చదువుతున్న తెలుగు అక్షరాలు కూడా ఫాంట్ లోపల ఇలాంటి వంపులే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. చెయ్యి ముక్క పైవంపు పొడవు, చంక చుట్టూ ఉన్న పొడవు దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే చెయ్యి అతకదు. కానీ ఇలాంటి బెజియర్ వంపు పొడవుకి మామూలుగా నేరుగా వేసుకునే సూత్రం లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఆ పొడవులన్నీ కూడుతుంది. ఇంక్‌స్కేప్‌లో మెజర్ పాత్ అనే ఎక్స్‌టెన్షన్ ఆ పని చేస్తుంది. అమ్మ ఏం చేస్తుందంటే, టేపుని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి వంపు వెంట నడిపిస్తుంది. రెండు జవాబులకీ తేడా పావు అంగుళం కూడా రాలేదు.

మొదటి అసలు టెస్టు అక్క నిశ్చితార్థం జాకెట్టు. పట్టుచీర తోనే వచ్చిన గుడ్డ అది, 80 సెంటీమీటర్లే. పాడైతే అదే రంగు, అదే అంచు ఇంకెక్కడా దొరకదు. అమ్మ "ఆది పెట్టి ఒకసారి చూసుకుందాం" అంది. నేను "కంప్యూటర్ కొలతమ్మా, తప్పదు" అన్నాను. ముందు ముక్క వెడల్పు పదిన్నర, ఎత్తు పదిహేను. ఏ4 పేపరేమో 210 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిదింపావు అంగుళాల వెడల్పే. కాబట్టి ఒక్కో ముక్క నాలుగు షీట్లు. ప్రింట్ తీసుకొచ్చి, గమ్ టేపుతో అతికించి, గుడ్డ మీద పెట్టి నేనే కత్తిరించాను.

కుట్టాక అక్క వేసుకుంటే హుక్స్ పట్టలేదు.

ఫైల్లో తప్పేం లేదు. ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" టిక్ అయి ఉంది. ప్రింటర్ అంచుల్లో కొంచెం ఖాళీ వదలాలి కాబట్టి పేజీ మొత్తాన్ని 96 శాతానికి కుదించేసింది. అసైన్‌మెంట్ ప్రింట్‌లో 4 శాతం తగ్గితే ఎవరికీ తెలీదు. ఇక్కడ చూడండి: 9 అంగుళాలు 8.64 అయ్యింది. అలాంటివి నాలుగు ముక్కలు, అంటే 36 కాస్తా 34.56. దాదాపు అంగుళంన్నర పోయింది. పొడవు 14కి 13.44.

అమ్మ నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. కుట్లు విప్పుకుంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని చూసినప్పుడే, పక్కన వదిలే ఆ ఒకటిన్నర అంగుళం ఎందుకో తెలిసింది. అది కుదించుకుపోయినా ఇంకా 1.44 మిగిలింది. అందులోంచి 0.36 బయటికి జరిపి కుట్టేసరికి ఛాతీ మళ్ళీ 36కి వచ్చింది. చంక చిన్నదైంది, కానీ చిన్నదాన్ని కత్తిరించి పెద్దది చెయ్యొచ్చు. పావు అంగుళం కిందికి దించింది. చేతుల్లోనూ లోపల గుడ్డ ఉంది కాబట్టి అవీ సర్దుకున్నాయి. పొడవు మాత్రం ఎక్కడి నుంచి తేవాలి? మిగిలిన అంచు ముక్కని నడుం దగ్గర పట్టీగా వేసింది. నిశ్చితార్థంలో ఇద్దరు ముగ్గురు ఆ పట్టీ డిజైన్ ఎక్కడిది అని అడిగారు. అక్క నా వైపు చూసింది, నేను స్వీట్ల వైపు చూశాను.

మీరెవరైనా ఇలాంటిది ట్రై చేస్తే ఇంకో రెండు గోతులు చెప్తాను. ఇంక్‌స్కేప్ 0.91 వరకు ఒక అంగుళానికి 90 పిక్సెల్స్, 0.92 నుంచి 96. పాత ఫైలు కొత్త వెర్షన్‌లో తెరిస్తే ఎలా మార్చాలో అడుగుతుంది. చదవకుండా ఓకే కొడితే 9 అంగుళాలు 8.44 అయ్యే ప్రమాదం ఉంది. రెండోది, కుట్టు గుడ్డ కోసం ముక్కని పెద్దది చేసేటప్పుడు స్కేల్ చెయ్యకూడదు. స్కేల్ చేస్తే అన్ని కొలతలూ శాతంలో పెరుగుతాయి. మనకి కావాల్సింది అంచు నుంచి ఇంత దూరం అని. దానికి ఆఫ్‌సెట్ ఉంది కానీ, అది చుట్టూ ఒకేలా పెంచుతుంది. జాకెట్టులో పక్కలకి ఒకటిన్నర, భుజానికి అర, మెడకి పావు. నేను చివరికి చేత్తోనే గీశాను.

36 సైజుని 40 చెయ్యాలన్నా స్కేల్ పనికిరాదు. ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగినంత మాత్రాన భుజాలు అదే లెక్కలో పెరగవు. దీనికి వాలెంటీనా, సీమ్లీ2డి అని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో కొలతల ఫైలు వేరు, డ్రాఫ్ట్ ఫైలు వేరు. డ్రాఫ్ట్‌లో నంబర్లు కాకుండా సూత్రాలు రాస్తాం, మనిషి మారితే కొలతల ఫైలు మారుస్తాం. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు ఇచ్చినట్టే. ఇప్పుడు అమ్మ కస్టమర్లలో పదకొండుమందివి ఇలా ఎక్కించాను. కానీ అమ్మ చెప్తుంటే రాసుకున్న కొన్ని విషయాలు ఏ సూత్రంలోనూ పట్టలేదు. ఒకావిడకి ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. ఇంకొకావిడకి ఆపరేషన్ అయింది, చంకలో కుట్టు తగలకూడదు. వాటి కోసం విడిగా ఒక నోట్స్ కాలమ్ పెట్టాను. అమ్మ ఇప్పుడు ఫైల్లో ముందు తెరిపించుకునేది ఆ కాలమే.

ప్రతి ప్రింట్‌లో మొదటి షీట్ మూల రెండంగుళాల చదరం ఒకటి గీసి పెట్టాను. అది కొలిచి సరిగ్గా రెండు వస్తేనే కత్తెర తీయాలి. నేను స్కేలుతో కొలవబోతే అమ్మ ఒప్పుకోలేదు, ఒంటి కొలత ఏ టేపుతో తీశామో దాంతోనే చూడాలంది. పక్కపక్కన పెట్టి చూస్తే, ఏళ్ళ తరబడి వాడి సాగిన అమ్మ టేపుకీ నా కొత్త టేపుకీ 36 దగ్గర పావు అంగుళం తేడా ఉంది. ఆ పదకొండుమందిలో నలుగురి కొలతలు కొత్త టేపుతో తీసినవి. వచ్చే సెలవుల్లో వాటిని మళ్ళీ తీయాలి.