"ఒకటి రెండు చోట్ల ఉరుములు, పిడుగులు" – అంటే మన ఊరు కాదా?



ఏప్రిల్, మే నెలల్లో వాతావరణ వార్తల్లో మనం తరచుగా వినే మాట ఒకటి ఉంది. ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుండి మోస్తరు వర్షాలు ఒకటి రెండు చోట్ల కురిసే అవకాశం ఉందని, గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీయవచ్చని చెబుతారు. అది విని చాలామంది "ఒకటి రెండు చోట్లే గదా, మన ఊరికి రాదులే" అనుకుని టీవీ కట్టేస్తారు. మరునాడు మధ్యాహ్నం యథాప్రకారం పొలానికి, కల్లానికి, మేకల వెంట వెళ్ళిపోతారు. ఆ సాయంత్రమే ఏదో ఒక ఊరి నుండి పిడుగు దెబ్బ తగిలిన మనిషిని ఆటోలో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు.

కావున ఈ నెల ఆ వార్తను ఎలా అర్థం చేసుకోవాలో, విన్న తరువాత ఏమి చేయాలో, ఎవరికైనా పిడుగు దెబ్బ తగిలితే మొదటి పది నిమిషాల్లో మన చేతుల్లో ఏమి ఉందో తెలుసుకుందాము.

ఎండాకాలంలో గాలివాన ఎందుకు వస్తుంది?

మధ్యాహ్నానికి ఎండ 40 డిగ్రీలు దాటితే నేల పెనంలా కాలుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అదే సమయంలో బంగాళాఖాతం నుండి తేమగాలి లోపలికి వస్తూ ఉంటుంది. వాయవ్యం వైపు నుండి వచ్చే పొడి వేడిగాలి, ఈ తేమగాలి కలిసే గీత తరచుగా విదర్భ నుండి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు సాగుతుంది. వార్తల్లో "ద్రోణి" అని చెప్పేది దీనినే. ఆ గీతకు దగ్గరలో మేఘం గంట రెండు గంటల్లోనే కొండలా పెరిగి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. దానిలో మంచు పలుకులు, వడగళ్ళు ఒకదానికొకటి రాసుకొని విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు నేలకు దిగితే పిడుగు.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తెలిపింది. అది తుపాను రోజు కాదు, మామూలు వేసవి రోజు. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు.

తుపానుకు, ఈ గాలివానకు ఒక తేడా ఉంది. తుపాను సముద్రంలో రోజుల తరబడి బలపడుతూ వస్తుంది. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా తుపానుకు పేరు పెట్టి, అది ఎటు కదులుతున్నదో రోజూ చెప్పారు. వేసవి ఉరుముల మేఘం మధ్యాహ్నం పుట్టి సాయంత్రానికి పోతుంది. అది ఏ గ్రామం మీద కురుస్తుందో ముందు రోజే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే "ఒకటి రెండు చోట్ల" అంటారు.

ఆ మాటలకు అర్థం

వాతావరణ శాఖ వాడే మాటలకు లెక్క ఉంది. ఒక ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు వాన పడవచ్చుననుకుంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. నాలుగో వంతు దాటి సగం వరకైతే "కొన్ని చోట్ల" అంటారు. అంటే ఒకటి రెండు అన్నంత మాత్రాన రాష్ట్రమంతటిలో రెండే ఊళ్ళని కాదు. నూరు చోట్లలో పాతిక చోట్ల వరకు కావచ్చు. అందులో మన ఊరు ఉండవచ్చు. వార్తలో మన జిల్లా పేరు వినబడితే మన ఊరికే చెప్పినట్లు భావించాలి.

వార్తతో పాటు రంగులు కూడా చూపిస్తారు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి. పసుపు రంగే గదా అని తేలికగా తీసుకోవద్దు. ప్రాణం తీయడానికి ఒక్క పిడుగు చాలు.

మరొక సంగతి. వాతావరణ శాఖ దినం ఉదయం 8.30 నుండి మరునాడు ఉదయం 8.30 వరకు. "ఈ రోజు" అన్న సూచనలో రాత్రి, తెల్లవారుజాము కూడా కలిసి ఉంటాయి.

ముందు రోజు సూచన సిద్ధపడడానికి. అదే రోజు మధ్యాహ్నం వచ్చే మూడు గంటల సూచన లోపలికి వెళ్ళడానికి. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు పంపే సందేశాన్ని చదవకుండా తీసివేయవద్దు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేసిన "దామిని" అనే యాప్ మనకు 20, 40 కిలోమీటర్ల లోపల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. ఇంట్లో పెద్దఫోను ఉన్న పిల్లలచేత పెట్టించుకొని, మధ్యాహ్నం వేళ చూడమనండి.

ఉదయం చేసుకోవలసిన పనులు

సూచన ఉన్న రోజు పొలం పని, మిర్చి కల్లం పని మధ్యాహ్నం రెండు గంటల లోపల ముగించుకునేలా తెల్లవారగానే మొదలు పెట్టండి. కల్లంలో మిర్చి, ధాన్యం ఉంటే పరదాలు ముందే కప్పి, అంచుల మీద బరువు పెట్టి ఉంచండి. ఉరుము వినబడిన తరువాత పరదా పట్టుకొని కల్లానికి పరుగెత్తడమే చాలా ప్రమాదం. ఏడాది కష్టం తడిసిపోతుందన్న బాధ మాకు తెలియనిది కాదు. అయినా తడిసిన మిర్చిని ఆరబెట్టుకోవచ్చు.

డాబా మీద ఆరబెట్టిన వడియాలు, బట్టలు ముందే దించుకోండి. పశువులను చెట్టు కింద కట్టవద్దు. మీ ఊళ్ళో శుభవార్త సభలో, పిల్లల వేసవి బైబిలు తరగతులో, పెళ్ళో ఉంటే షామియానాను ఆశ్రయంగా లెక్కపెట్టవద్దు. దాని ఇనుప స్తంభాలు, మైకు తీగలు, తడిసిన నేల ప్రమాదాన్ని పెంచుతాయి. అందరూ వెళ్ళడానికి దగ్గరలో ఏ పక్కా భవనం ఉందో పెద్దలు ముందుగానే చూసి, సభలోనే చెప్పాలి.

ఇంట్లో రోగులున్నవారికి ఒక మాట. ఈదురుగాలికి స్తంభాలు పడితే కరెంటు గంటల తరబడి రాకపోవచ్చు. ఆక్సిజన్ మిషను మీద ఉన్నవారు సిలిండరు సిద్ధంగా పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్‌ను మాటిమాటికి తెరవవద్దు. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ రోజు దగ్గర పడినవారు నారింజ లేక ఎరుపు హెచ్చరిక ఉంటే గాలివాన రాకముందే ఆసుపత్రికి చేరడం మేలు. చెట్లు పడిన దారిలో రాత్రివేళ అంబులెన్సు రావడం కష్టం.

ఉరుము వినబడితే

మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలు పెట్టండి. ముప్పై లెక్కపెట్టే లోపల ఉరుము వినబడితే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్లు. వెంటనే లోపలికి వెళ్ళాలి. చివరి ఉరుము వినబడిన తరువాత ముప్పై నిమిషాలు గడిచేవరకు బయటికి రాకూడదు. వాన తగ్గిందని తొందరపడవద్దు. మేఘం దాటిపోతూ కూడా పిడుగు వేస్తుంది.

వానకు ముందు వీచే చల్లగాలి ఎండకు వాడిన ప్రాణానికి హాయిగానే ఉంటుంది. ఆ గాలి కోసం అందరూ వాకిట్లోకి, డాబా మీదికి వస్తారు. పిల్లలు రాలిన మామిడికాయల కోసం తోటలోకి పరుగెడతారు. అది మేఘం మన మీదికి వచ్చేసిందనడానికి గుర్తు. పిల్లలను లోపలికి పిలవండి.

* చెట్ల కింద నిలబడవద్దు. ఒంటరిగా ఉన్న తాడిచెట్టు, కొబ్బరిచెట్టు, వేపచెట్టు మరీ ప్రమాదం.
* చెరువులో, కాలువలో, తడి మడిలో ఉంటే వెంటనే బయటికి రండి.
* నాలుగు పక్కలా గోడలు లేని పాక, బస్సు షెల్టరు, మోటారు షెడ్డు రక్షణ ఇవ్వవు. పక్కా ఇల్లు, లేదా అద్దాలు మూసిన కారు, బస్సు మేలు.
* ఇంట్లో కుళాయి, కిటికీ ఊచలు, ప్లగ్గులో ఉన్న వస్తువులు ముట్టుకోవద్దు. వానలో స్నానం చేయవద్దు.
* తెగిపడిన తీగ దగ్గరికి పోవద్దు. విద్యుత్ శాఖ 1912 నంబరుకు ఫోను చేయండి.

ఎక్కువమందికి పిడుగు నెత్తిమీద నేరుగా పడదు. చెట్టు మీదో, నేల మీదో పడి, అక్కడి నుండి నేల గుండా పాకి కాళ్ళలోకి వస్తుంది. ఒక చెట్టు కింద ఉన్న గొర్రెలన్నీ ఒకేసారి చనిపోయేది అందుకే. పొలం మధ్యలో చిక్కుకొని ఎక్కడికీ పోలేకపోతే ఒకరికొకరు దూరంగా జరిగి, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు. ఇది వేరే దారి లేనప్పుడు మాత్రమే.

పిడుగు దెబ్బ తగిలిన మనిషిని ముట్టుకోవచ్చు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటామంటే, ఈ మాట పెట్టుకోండి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. అతనిని ముట్టుకుంటే మనకు షాకు కొట్టదు. ముట్టుకోవడానికి భయపడి చుట్టూ నిలబడి చూడడం వల్ల, పేడలోనో మట్టిలోనో పూడ్చిపెట్టడం వల్ల బ్రతకవలసిన మనిషి చనిపోతాడు. అలా పూడ్చడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. విలువైన నిమిషాలు పోవడమే కాక, ఛాతీ మీద బరువు పడి ఊపిరి మరింత ఆగుతుంది.

పిడుగు తగిలినప్పుడు గుండె, ఊపిరి రెండూ ఒక్కసారిగా ఆగవచ్చు. గుండె చాలాసార్లు దానంతట అదే తిరిగి కొట్టుకోవడం మొదలు పెడుతుంది. కాని ఊపిరి తీయించే మెదడు భాగం ఇంకా కొంతసేపు స్తంభించి ఉంటుంది. ఆ సమయంలో ఎవరూ ఊపిరి అందించకపోతే, ప్రాణవాయువు లేక గుండె మళ్ళీ ఆగుతుంది. ఆ మధ్య కాలమే మన చేతుల్లో ఉన్నది.

1. ముందు మీరు క్షేమంగా ఉండాలి. ఇంకా ఉరుములుంటే మనిషిని పక్కా చోటికి చేర్చండి. ఒకరిని 108కి ఫోను చేయమనండి.
2. భుజం తట్టి పిలవండి. పలకకపోతే ఛాతీ లేస్తున్నదేమో పది సెకన్ల లోపల చూడండి. అప్పుడప్పుడు ఎగశ్వాస పెట్టడం ఊపిరి కాదు.
3. ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్య అరచేతి మడమ ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండు అంగుళాల లోతు నొక్కండి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారి ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి.
4. ముప్పై సార్లు నొక్కాక తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో రెండు ఊపిరులు ఇవ్వండి. పిడుగు దెబ్బలో ఈ ఊపిరులు ముఖ్యం. చేతకాకపోతే నొక్కడమైనా ఆపవద్దు.
5. అంబులెన్సు వచ్చేవరకు, లేదా మనిషి ఊపిరి తీసేవరకు కొనసాగించండి. అలసిపోతే మరొకరు అందుకోవాలి.

ఒకేసారి నలుగురైదుగురికి తగిలితే, మూలుగుతున్నవారి దగ్గరికి కాక, కదలక మెదలక పడి ఉన్నవారి దగ్గరికి ముందు వెళ్ళండి. మామూలు ప్రమాదాల్లో మేము నర్సులకు నేర్పే పద్ధతికి ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి. మూలుగుతున్నవారికి ఊపిరి ఉంది గనుక వారు కొంత ఆగగలరు. కదలనివారికి ఆగే వ్యవధి లేదు. కనుపాపలు పెద్దవై కదలకుండా ఉన్నా చనిపోయాడని తీర్మానించవద్దు. పిడుగు దెబ్బలో అది మరణానికి గుర్తు కాదు.

తెలివి వచ్చినవారికి కాళ్ళు చల్లబడి, నీలంగా మారి, కదలకపోవచ్చు. ఇది చాలామందికి కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఒంటిమీద చెట్టుకొమ్మల్లా ఎర్రని గీతలు కనబడవచ్చు, అవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసివేయండి. పూర్తిగా తెలివి రాకుండా నోట్లో నీళ్ళు పోయవద్దు. కాలిన చోట పసుపు, సిరా, పేస్టు రాయక, శుభ్రమైన పొడిగుడ్డ కప్పండి.

"నాకేమీ కాలేదు, లేచి నడుస్తున్నాను గదా" అన్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకురండి. ఇ.సి.జి. తీసి గుండెను చూడాలి. కర్ణభేరి చిరిగిందేమో, చూపు బాగుందో లేదో పరీక్షించాలి. గర్భిణికి తగిలితే, తల్లి బాగున్నా కడుపులోని బిడ్డ గుండె చప్పుడు తప్పకుండా వినాలి.

పిడుగు తగిలినవారిలో ఎక్కువమంది బ్రతుకుతారని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఊపిరి ఆగినవారు మాత్రం పక్కనున్నవాళ్ళ చేతుల మీద బ్రతకాలి. మనం ఛాతీ నొక్కడం నేర్చుకోవడానికి అరగంట చాలు. ఓ.పి.కి వచ్చినప్పుడు మా నర్సింగు సిస్టర్లను అడగండి, బొమ్మ మీద చేసి చూపిస్తారు. ఇంటికి ఒక్కరైనా నేర్చుకోండి. రేపు మధ్యాహ్నం పొలానికి బయలుదేరే ముందు మాత్రం, ఈ రోజు వాతావరణ సూచన ఏమన్నదో ఒకసారి అడిగి వెళ్ళండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్