గొంతు దొరికిన కలివికోడి

బెంగళూరులోని హూడి హాల్ట్ మీదుగా మారికుప్పం వెళ్లే రైలు బంగారపేట దాటాక కోలారు బంగారు గనుల ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు ఒక పిట్ట గుడ్డును సేకరించాడు. అది 1917 నాటిదని అంచనా. చేతులు మారుతూ స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం చేరిన ఆ గుడ్డును తర్వాత అందరూ మరిచిపోయారు. చివరికి డీఎన్ఏ పరీక్ష చేస్తే అది కలివికోడి అనే అరుదైన పక్షి గుడ్డని తేలింది. ఆ సంగతి 2013లో లోకానికి తెలిసింది. ఈ జాతిది ఇప్పటికి దొరికిన గుడ్డు అదొక్కటే.

గుడ్డు ఒకటి ఉంది, పంతొమ్మిదో శతాబ్దంలో సేకరించిన చర్మాలు మ్యూజియంలలో ఉన్నాయి. ఆ పిట్ట ఎలా కూస్తుందో చెప్పే ఆధారం మాత్రం చాలాకాలం ఎక్కడా లేదు. తెలుగు నేల మీద తప్ప మరెక్కడా మిగలని పక్షి విషయంలో ఇది చిన్న లోటు కాదు.

థామస్ జెర్డన్ అనే వైద్యుడి ద్వారా 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించి, ఆ తర్వాత మాయమైంది. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో బొమ్మలు చూపిస్తూ వాకబు చేశారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట ఒక పక్షిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. పుస్తకాలు లేదన్న పిట్టను ఊరివాళ్లు పేరుతో సహా ఎరుగుదురు! రెండేళ్లకు ఆ పక్షి దొరికిన అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. కలివికోడి రాత్రించరం, పైగా ముళ్లపొదల మధ్య మెలిగేది. టార్చిలైటుతో వెతికితే ఎన్ని రాత్రులకు ఒకసారి కనబడుతుంది? అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి కాలిముద్రల కోసం కాచుకున్నారు, కెమెరాలు బిగించారు. ఆ పని చేసిన పి. జెగనాథన్, ఆయన సహచరులు తొలిసారి దాని కూతను రికార్డు చేసి, 2004లో సొసైటీ పత్రికలో ప్రచురించారు. రెండు స్వరాల పొట్టి కూత అది, వెంటవెంటనే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పొద్దుగూకిన ముప్పావు గంటకు మొదలై కొద్ది నిమిషాల్లో, మహా అయితే ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ కాస్త వేళలో చెవి ఒగ్గినవాళ్లకే దాని ఉనికి తెలుస్తుంది.

టేపు చేతికొచ్చాక వెతుకులాట తీరే మారింది. అనువైన పొదల దగ్గర కూతను వినిపించి జవాబు కోసం ఆగవచ్చు. అడవిలో విన్న కూత కలివికోడిదో మరో రాత్రి పిట్టదో పోల్చి చూడవచ్చు. అయినా ఆ తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి దాని జాడ దొరకలేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేసి తెచ్చారు. వాళ్లకు పక్షి కాదు, శబ్దమే చిక్కింది. దాచిపెట్టిన పాత రికార్డు లేకపోతే ఆ కొత్త కూతను ఏ పిట్టదని చెప్పగలిగేవాళ్లు?

జంతువుల గొంతులు దాచడం కొత్త పనేమీ కాదు. జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే పిల్లవాడు 1889లో ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు గొట్టం మీద పంజరంలోని ఒక పిట్ట పాటను ఎక్కించాడు. ఇప్పటికి తెలిసినంతలో అదే మొదటి పక్షి రికార్డు. ఆ పిట్ట మన దేశపు అడవుల్లోనూ ఉండే షామా. 1929లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, 1951లో బెర్లిన్‌లోని శబ్ద భాండాగారం ఈ పని చేపట్టాయి. ఎవరైనా తమ రికార్డులు చేర్చగలిగే జెనో-కాంటో అనే వెబ్‌సైటు 2005లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. హవాయి దీవుల్లోని కవాయి ఓఓ పక్షి చివరిసారి 1987లో వినిపించింది. ఇప్పుడు దాని పాట టేపుల్లోనే ఉంది.

దాచడం అంటే ఫోనులో బటన్ నొక్కడం కాదు. ఎంపీ3 ఫైలు చిన్నది కావడానికి మనిషి చెవికి అక్కర్లేదనుకున్న శబ్దాలను తీసేస్తుంది. కానీ గబ్బిలాలు మనకు వినపడనంత సన్నటి ధ్వనితో, ఏనుగులు మనకు అందనంత మంద్ర ధ్వనితో మాట్లాడుకుంటాయి. అందుకే భాండాగారాలు ఏమీ కోయని వేవ్ ఫైలునే కోరతాయి. అంతకన్నా ముఖ్యం వివరాలు. అనుభవజ్ఞులు రికార్డింగు చివర తేదీ, వేళ, ఊరు, పక్షి కనిపించిందా లేదా అన్నది తమ గొంతుతోనే చెబుతారు. ఆ నాలుగు మాటలు లేని రికార్డు ఎంత శ్రావ్యంగా ఉన్నా పరిశోధనకు సగం దండగే.

ఇలా కూతలు రికార్డు చేయడానికి అడవికే పోనక్కర్లేదు. బెంగళూరు శివారు రాజానుకుంటెలో దొరికిన ఒక కప్పను కొత్త జాతిగా 2020లో వర్ణించి, దానికి నగరం పేరే పెట్టారు. హూడి చెరువు గట్టున తొలివానకు బెకబెకమనే కప్పలూ, ఖాళీ స్థలాల మీద అరిచే తీతువులూ రికార్డుకు తగినవే. మెట్రో రొద, హారన్లు తగ్గే తెల్లవారుజామున ఫోను కదపకుండా రెండు నిమిషాలు రికార్డు చేయండి, చివర తేదీ, వేళ, ఊరు, కూసింది కనిపించిందా లేదా అన్నది చెప్పండి, జెనో-కాంటోలో చేర్చండి. గూడు కట్టే కాలంలో మాత్రం కూతను తిరిగి వినిపించి పిట్టలను రెచ్చగొట్టకండి.